సేవ్ చేసుకున్న పొద్దున్నలు

అలారం ఏడింటికి మోగింది. ఏడింటికే కళ్లు తెరిచా. మంచం దిగింది మాత్రం ఎనిమిదీ పదికి. మధ్యలో ఆ డెబ్బై నిమిషాలు ఏం చేశానో చెబితే నవ్వుతారు. పొద్దున్నే ఎలా లేవాలో చూపించే రీల్స్ చూశాను.

అవి మామూలు 'ఐదింటికి లేచి జీవితాన్ని జయించండి' టైపు కూడా కాదు. 'ఏడీహెచ్‌డీ ఉన్నవాళ్ల మార్నింగ్ రొటీన్' అని వచ్చేవి. అంటే మనసు ఒకచోట నిలవనివాళ్లు, చేయాల్సిన పని తెలిసీ మొదలుపెట్టలేనివాళ్లు పొద్దున్నని ఎలా నెట్టుకొస్తారో చూపించేవి. ఒకటి చూస్తే ఇంకోటి వచ్చేది. నచ్చిన ప్రతిదీ సేవ్ చేసుకున్నా. అందులో ఒక్కటంటే ఒక్కటి కూడా మర్నాడు చేయలేదు.

యూసుఫ్‌గూడలో మెట్రో ఎక్కితే ఏడో స్టేషన్ రాయదుర్గం. మా స్టాండప్ తొమ్మిదిన్నరకి. ఆ నెలలో మూడోసారి మెట్రోలో నిలబడే స్టాండప్‌లో మాట్లాడా. 'తర్వాతి స్టేషన్ మాదాపూర్' అన్న అనౌన్స్‌మెంట్ టీమ్ మొత్తానికి వినిపించింది. ఎవరూ ఏమీ అనలేదు. సాయంత్రం మేనేజర్ విడిగా పిలిచారు. "మీ కోడ్ గురించి నాకు కంప్లైంట్ లేదు. మీ పొద్దున్నల గురించే. ఈ క్వార్టర్‌లో మారకపోతే రివ్యూలో రాయాల్సి వస్తుంది" అన్నారు.

అప్పటికే నేను డిసైడ్ అయిపోయా, నాకు ఏడీహెచ్‌డీ ఉందని. ఎవరు చెప్పారు? రీల్సే.

మా రూమ్మేట్ అసిస్టెంట్ డైరెక్టర్. సినిమా ఉంటే షూటింగ్‌కి వెళ్తాడు, లేకపోతే పక్కనే కృష్ణానగర్‌లో ఓ చిన్న ఎడిటింగ్ రూమ్‌లో ట్రైలర్లు, లిరికల్ వీడియోలు కట్ చేస్తాడు. ఒక ఆదివారం నా సేవ్డ్ ఫోల్డర్ తెరిచి ఫోన్ వాడి చేతిలో పెట్టా. "నాకేమైందో ఇందులో ఉంది, చూడు" అన్నా. వాడు పది రీల్స్ దాకా చూశాడు. వాటిలో ఏముందో వదిలేసి, ఎలా కట్ చేశారో చూశాడు.

"మామా, ఇవి రొటీన్లు కాదు. ట్రైలర్లు" అన్నాడు.

ఆ సాయంత్రం వాడు ఒక్కో రీల్ ఆపి, వెనక్కి తిప్పి చెప్పింది నాకు ఇప్పటికీ గుర్తుంది. ఇలాంటి పోస్టులు ఎందుకు హిట్ అవుతాయో అంత శుభ్రంగా ఎవరూ చెప్పగా వినలేదు.

మొదటిది, ఓపెనింగ్. మామూలు మార్నింగ్ రొటీన్ వీడియో సూర్యోదయంతో, నిమ్మరసంతో, యోగా మ్యాట్‌తో మొదలవుతుంది. ఇవి ఓటమితో మొదలవుతాయి. ఐదు అలారాలు ఆపేసిన చెయ్యి. ఒక కాలికే ఉన్న సాక్సు. పెట్టుకుని మర్చిపోతే చల్లారిపోయిన టీ. 'వీడు గొప్పోడు' అనిపిస్తే వేలు పైకి తోసేస్తుంది. 'వీడు నేనే' అనిపిస్తే ఆగుతుంది. ఆగాలా వద్దా అనేది మొదటి రెండు సెకన్లలోనే తేలిపోతుంది.

రెండోది, మాట వినపడక్కర్లేదు. అంతా స్క్రీన్ మీద అక్షరాల్లో ఉంటుంది. ఎందుకంటే చూసేవాడు మంచంలో ఉన్నాడు, పక్కన రూమ్మేట్ నిద్రపోతున్నాడు, సౌండ్ ఆఫ్‌లో ఉంది.

మూడోది, అంకె. 'నా పొద్దున్నని మార్చిన 5 పనులు' అంటారు. ఐదు అన్నారు కాబట్టి ఐదోది చూసేదాకా వదలం. అసలైనది ఐదోదే అని మొదట్లోనే ఊరిస్తారు. ఐదోది అయ్యేసరికి వీడియో తెలియకుండానే మళ్లీ మొదటికి వచ్చేస్తుంది. రెండోసారి కూడా సగం చూశాక గానీ మనకి తెలీదు.

నాలుగోది, చేతికి అందే వస్తువు. వైట్‌బోర్డు, ఇసక గడియారం, మంచం పక్కన నీళ్ల సీసా. 'రేపటి నుంచి నేనూ' అనుకోవడానికి ఏదో ఒకటి ఉండాలి. సేవ్ బటన్ నొక్కగానే సగం పని అయిపోయినట్టు హాయిగా ఉంటుంది. ఆ హాయి కోసమే సేవ్ చేస్తాం. వస్తువు కొనం, పని చేయం.

తర్వాత ఒక షాట్ దగ్గర ఆపి నవ్వాడు. "చూడు, అప్పుడే నిద్ర లేచినట్టు కళ్లు నులుముకుంటోంది. కానీ కెమెరా ఎదురుగా, సరిగ్గా ఆమె కళ్ల ఎత్తులో ఉంది. పక్క నుంచి సాఫ్ట్ లైట్ పడుతోంది. ట్రైపాడ్ పెట్టి, లైట్ సెట్ చేసి, రికార్డ్ నొక్కి, వెళ్లి దుప్పటి కప్పుకుంది. అంటే ఆమె లేచి ముప్పావుగంట అయింది మామా. నువ్వింకా మంచంలో ఉన్నావు."

నేను సాఫ్ట్‌వేర్ వాణ్ని కదా, నాకు ఇంకో వైపు కనబడింది. మన దేశంలో 2020 జూన్ 29న టిక్‌టాక్ బ్యాన్ అయింది. పది రోజులైనా గడవకముందే, జులై 8న, ఇన్‌స్టాగ్రామ్ ఇక్కడ రీల్స్ మొదలుపెట్టింది. అప్పట్నుంచీ మన పొద్దున్నలు ఆ యాప్ లెక్కల్లోనే నడుస్తున్నాయి. ఆ లెక్కల్లో ముఖ్యమైనవి ఏవో ఇన్‌స్టాగ్రామ్ హెడ్ ఆడమ్ మొసేరి 2025 జనవరిలో చెప్పారు. ఎంతసేపు చూశారు, ఎంతమంది లైక్ కొట్టారు, ఎంతమంది ఇంకొకరికి పంపారు. కొత్తవాళ్ల దాకా చేరాలంటే పంపడమే పెద్ద బలం.

మరి మనం ఏది పంపుతాం? 'రాత్రి ఫోన్ వేరే గదిలో ఛార్జింగ్ పెట్టండి' అనే సలహాని ఎవరికీ పంపం. చల్లారిపోయిన టీ వీడియో పంపుతాం. కింద 'ఇది నువ్వేరా' అని రాస్తాం.

కిటుకంతా ఇక్కడే ఉంది. 'ఇది నువ్వేరా' అని ఎక్కువమందికి పంపాలంటే, ఆ లక్షణం ఎక్కువమందిలో ఉండాలి. తాళాలు ఎక్కడ పెట్టామో మర్చిపోవడం, స్నానం వాయిదా వేయడం, అలారం ఆపేసి మళ్లీ పడుకోవడం. ఇవి హైదరాబాద్‌లో ఎవరికి లేవు? లక్షణం ఎంత కామన్ అయితే పోస్టు అంత దూరం పోతుంది. అంత దూరం పోయేసరికి అందులో ఏడీహెచ్‌డీ అంతగా పలచబడుతుంది. దీనికి ఎవరూ మోసం చేయక్కర్లేదు. వీడియో చేసినవాళ్లు నిజాయితీగా తమ కథే చెప్పి ఉండొచ్చు. వాళ్లు చేసినవాటిలో ఏది ముందుకు వెళ్లాలో ఎంచేది మన వేళ్లే.

2022లో కెనడా పరిశోధకులు టిక్‌టాక్‌లో ఏడీహెచ్‌డీ మీద బాగా పాపులర్ అయిన 100 వీడియోలు తీసి పరిశీలించారు. 52 తప్పుదారి పట్టించేవని తేల్చారు. 27 సొంత అనుభవాలు. ఉపయోగపడేవి 21. 2025లో ప్లాస్ వన్ జర్నల్‌లో వచ్చిన ఇంకో అధ్యయనంలోనూ టాప్ 100 వీడియోలు తీసుకుని, అందులో లక్షణాలుగా చెప్పినవాటిని సైకాలజిస్టులకు చూపించారు. డాక్టర్లు వాడే ప్రమాణాలతో సరిపోలినవి సగం కూడా లేవు.

ఇది చదివాక కూడా నేను ఆ 21లోనే ఉన్నాననుకున్నా. మేనేజర్ చెప్పిన క్వార్టర్ కరిగిపోతోంది. సైకియాట్రిస్ట్ దగ్గరికి వెళ్లా.

ఆవిడ నా రీల్స్ గురించి అడగలేదు. నా పొద్దున్నల గురించి కూడా మొదట అడగలేదు. "ఐదో క్లాసులో ఎలా ఉండేవారు?" అన్నారు. నాకు అర్థం కాలేదు. ఆవిడే చెప్పారు. 2013లో వచ్చిన డీఎస్ఎం-5 ప్రమాణాల ప్రకారం పెద్దవాళ్లకైనా సరే, ఈ లక్షణాల్లో కొన్ని 12 ఏళ్లలోపే కనిపించి ఉండాలి. ఒక్క ఆఫీసులోనే అంటే కుదరదు, ఇల్లు, చదువు, పని, ఇలా కనీసం రెండుచోట్ల ఉండాలి. ఆరు నెలలుగా సాగుతూ ఉండాలి. బతుకుని నిజంగా ఇబ్బంది పెట్టాలి. వేరే కారణమేదీ దాన్ని ఇంతకన్నా బాగా వివరించకూడదు. ఈ చివరి మాట దగ్గర ఆవిడ నా వైపు కొంచెంసేపు చూశారు.

అమ్మకి ఫోన్ చేసి స్పీకర్ పెట్టా. "చిన్నప్పుడా? వీడా? లెక్కల పుస్తకం పట్టుకుంటే అన్నానికి కూడా లేచేవాడు కాదండీ. బ్యాగు రాత్రే సర్దుకుని తలకింద పెట్టుకుని పడుకునేవాడు" అంది. నా కేసు అక్కడే సగం పోయింది.

మిగతా సగం నిద్ర లెక్కలో పోయింది. రాత్రి ఎన్నింటికి పడుకుంటారు? రెండు. రెండింటి దాకా ఏం చేస్తారు? ఫోన్. "ఐదు గంటలు నిద్రపోయిన మనిషి పొద్దున్న అచ్చం ఏడీహెచ్‌డీ ఉన్న మనిషిలాగే ఉంటాడు. ముందు నిద్ర సరిచేసి రండి, అప్పుడు చూద్దాం" అన్నారు.

నిజం చెప్పాలంటే బయటికి వచ్చాక సంతోషం కలగలేదు. కాస్త నిరాశగా ఉంది. నా పొద్దున్నలకి ఒక పేరు దొరికిందనుకున్నా. ఆ పేరు చేతిలో ఉంటే మేనేజర్ ముందు తల దించుకోవాల్సిన పని ఉండదనుకున్నా. ఇప్పుడు చేతిలో మిగిలింది ఒక ఫోను, ఒక అలవాటు.

ఇంతటితో అయిపోతే ఇది రీల్స్‌ని తిట్టే కాలమ్ అయ్యేది. కానీ అయిపోలేదు.

ఆ రోజుల్లోనే మా రూమ్మేట్‌కి కూడా ఒక రీల్ పంపించా, 'ఇది నువ్వేరా' అని. సరదాకి. షూటింగ్ లేని రోజది. మధ్యాహ్నం రెండైంది. వాడింకా మంచం మీదే ఉన్నాడు, బ్రష్ చేయలేదు. చూసి నవ్వాడు. రాత్రి అన్నం తింటుంటే మాత్రం అడిగాడు. "మామా, డాక్టరమ్మ నిన్ను ఏమేం అడిగింది?"

చెప్పా. ఐదో క్లాసు దగ్గరికి వచ్చేసరికి వాడు తినడం ఆపేశాడు. వాడి ప్రోగ్రెస్ కార్డుల మీద ఏటా ఒకటే మాట ఉండేదట, 'తెలివి ఉంది, శ్రద్ధ లేదు' అని. టెన్త్‌లో హాల్‌టికెట్ రెండుసార్లు పారేసుకున్నాడు. కొట్టుకి పంపితే ఏం తెమ్మన్నారో మర్చిపోయి ఖాళీ చేతులతో వచ్చేవాడు, దెబ్బలు తినేవాడు. పని దగ్గరా అంతే. కంటిన్యుటీ నోట్స్ మర్చిపోయినందుకు ఒక సినిమా మధ్యలోనే మానేయమన్నారు. ఇవన్నీ వాడు నాకు కామెడీగానే చెప్పేవాడు, నాలుగేళ్లుగా. నేనూ నవ్వేవాణ్ని.

డాక్టర్ దగ్గరికి వెళ్లడానికి వాడికి ఇంకో నెల పట్టింది. మన ఊళ్లో 'ఎర్రగడ్డ' అనే మాటని ఎలా వాడతామో తెలుసు కదా. గవర్నమెంట్ మానసిక వైద్యశాల మా రూమ్‌కి అంత దగ్గరున్నా, దాని పేరు మాకు తిట్టుగానే తెలుసు. ఆ జోకులు నేనూ వేసినవాణ్నే. అప్పుడు ఒక విషయం పనికొచ్చింది. 'పుష్ప'లో షెకావత్‌గా చేసిన ఫహాద్ ఫాజిల్, తనకి ఏడీహెచ్‌డీ ఉందని 41 ఏళ్ల వయసులో తెలిసిందని 2024 మేలో బయటికే చెప్పారు. ఆ సినిమా ప్రీ-రిలీజ్ ఈవెంట్ మా యూసుఫ్‌గూడ పోలీస్ గ్రౌండ్స్‌లోనే జరిగింది. "ఆయనకే ఉంటే నాకుంటే ఏంటి?" అనుకుని వెళ్లాడు. రెండు మూడు విజిట్లు, వాళ్ల అమ్మగారితో మాటలు, పాత ప్రోగ్రెస్ కార్డులు. వాడికి నిజంగానే ఉంది. ఇది వాడిని అడిగే రాస్తున్నా.

నన్ను దారి తప్పించిన రీల్సే వాడిని డాక్టర్ దాకా తీసుకెళ్లాయి. ఈ మాట చెప్పకపోతే అన్యాయం.

అయితే ఒక చిక్కు. షూటింగ్ ఉన్నరోజు వాడు నాలుగున్నరకే లేస్తాడు. ఒక్కరోజు కూడా లేటవ్వడు. అందుకే ఇంట్లో అందరూ "పని ఉంటే లేస్తావు కదా, మిగతా రోజులు బద్ధకం" అంటారు. నేనూ అదే అనేవాణ్ని. డాక్టర్ మాత్రం ఆ మాటనే పట్టుకున్నారు. "షూటింగ్ రోజు ఏం జరుగుతుందో వరసగా చెప్పండి" అన్నారు.

తెల్లారుజామున ఐదింటికి కృష్ణానగర్ వైపు వెళ్లినవాళ్లకి తెలుసు. జూనియర్ ఆర్టిస్టులు, లైట్‌మెన్‌లు, మేకప్ వాళ్లు, డ్రైవర్లు. టీ కొట్ల దగ్గర గుంపులు, ఎక్కించుకోవడానికి ఆగిన ప్రొడక్షన్ బళ్లు. అక్కడ ఎవరికీ మార్నింగ్ రొటీన్ లేదు. కాల్ టైమ్ ఉంటుంది. ముందురోజు రాత్రే మెసేజ్ వస్తుంది, ఎన్నింటికి, ఎక్కడికి, ఏ బండి అని. పొద్దున్న లేచి ఆలోచించాల్సింది ఏమీ మిగలదు. బండి వాడు ఫోన్ చేస్తాడు. ఇంకో పదిమంది ఎదురు చూస్తుంటారు. లేటైతే నష్టం నెలాఖరు రివ్యూలో తేలదు, అక్కడికక్కడే తేలుతుంది. బండి వెళ్లిపోతుంది.

ఏడీహెచ్‌డీ ఉన్నవాళ్లకి కావాల్సింది సరిగ్గా ఇదేనట. తల లోపల నిలవనిదాన్ని తల బయట పెట్టడం. నిర్ణయం రాత్రికే అయిపోవాలి, గుర్తు చేసేది బయట ఉండాలి, పక్కన ఇంకో మనిషి ఉండాలి. మనిషి తోడుగా ఉంటే పని మొదలవడాన్ని 'బాడీ డబ్లింగ్' అంటున్నారు. కృష్ణానగర్‌లో పేరు పెట్టకుండా ఎప్పట్నుంచో నడుస్తున్నదే. షూటింగ్ లేని రోజు వాడికి ఇవేవీ లేవు. బద్ధకం అన్నది ఆ ఖాళీకి మేం పెట్టిన పేరు.

అందుకని నేను వాడి ప్రొడక్షన్ మేనేజర్ అయ్యా. రోజూ రాత్రి పదింటికి మెసేజ్ పెడతా. 'రేపు కాల్ టైమ్ ఏడున్నర. లొకేషన్: కింద టీ కొట్టు.' నేను అక్కడ నిలబడి ఉంటానని వాడికి తెలుసు, కాబట్టి వస్తాడు. వాడు వస్తాడు కాబట్టి నేనూ దిగాలి. ఫోన్లు రెండూ రాత్రి వంటింట్లో ఛార్జింగ్‌లో ఉంటాయి. లేపడానికి ఓ మామూలు అలారం గడియారం కొన్నాం. వారంలో నాలుగు రోజులు కుదురుతోంది, ఐదో రోజు ఎవరో ఒకరు ఎగ్గొడుతున్నాం. వాడికి డాక్టర్ ఇచ్చిన మందు కూడా ఉంది. టీ కొట్టుతో నయమైపోయిందని నేను చెప్పట్లేదు. నా రివ్యూలో పొద్దున్నల మాట రాయలేదు, అంతవరకు చెప్పగలను.

గత నెల వాడికో ఐడియా వచ్చింది. "మనమూ రెండు చేద్దాం మామా, ఏది పోతుందో చూద్దాం" అన్నాడు. మొదటిది ఫార్ములా ప్రకారం. 'మీకు ఏడీహెచ్‌డీ ఉందనడానికి పొద్దున్న కనిపించే 5 సూచనలు.' నిద్ర లేచే షాట్ కోసం నాలుగు టేకులు, బ్రష్ చేసే షాట్ కోసం మూడు. ఆ రోజు నేను నిజంగానే స్టాండప్‌కి లేటయ్యా. రెండోది టీ కొట్టు దగ్గర ఒకటే షాట్. వాడు కెమెరా వైపు చూసి, "షూటింగ్ ఉంటే లేస్తా, లేకపోతే లేవలేను, ఇది బద్ధకం అనుకున్నా, కాదని డాక్టర్ దగ్గర తెలిసింది" అని కాల్ టైమ్ సంగతి చెప్పాడు. అంకె లేదు, మ్యూజిక్ లేదు.

మొదటిది వేలల్లో పోయింది. రెండోది నాలుగొందలు దాటలేదు. మొదటిదాన్ని మూడో రోజే తీసేశాం. అందులో చెప్పిన ఐదూ నాకూ ఉన్నాయి, నాకేమో ఏడీహెచ్‌డీ లేదు.

రెండోదానికి ఒకే ఒక మెసేజ్ వచ్చింది. "అన్నా, మా తమ్ముడు గిట్లనే. పని ఉన్నరోజే లేస్తడు. ఇంట్ల అందరం తిడుతున్నం. డాక్టర్ దగ్గరికి పోతే ఏం చెప్పాలె?"

ఇద్దరం కూర్చుని జవాబు రాశాం. అక్కా, రీల్స్ చూపించొద్దు. చిన్నప్పటి సంగతులు చెప్పు, బడిలో ఎలా ఉండేవాడో, ఇంట్లో ఎలా ఉండేవాడో. పాత ప్రోగ్రెస్ కార్డులు దొరికితే తీసుకెళ్లు. అమ్మని వెంట తీసుకెళ్తే ఇంకా మంచిది. ఎన్ని గంటలు నిద్రపోతున్నాడో రెండు వారాలు రాసి పెట్టు. ఎక్కడికి వెళ్లాలో తెలియకపోతే ముందు 14416కి ఫోన్ చెయ్యి, టెలీ మానస్ అంటారు, ప్రభుత్వానిదే, డబ్బులు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. ఉందని తేలినా, లేదని తేలినా, అప్పటిదాకా తిట్టడం మాత్రం ఆపండి.

చూసినట్టు కనిపించింది. తర్వాత ఏమైందో తెలీదు. ఆ రీల్ ఇప్పటికీ నాలుగొందల దగ్గరే ఉంది. నేనీ కాలమ్ రాస్తూ రాత్రి పదిన్నర చేసేశా, మెసేజ్ పెట్టడం మర్చిపోయా. వాడి దగ్గర్నుంచే వచ్చింది.

'రేపు కాల్ టైమ్ ఏడున్నర. నువ్వు లేటవ్వకు.'